మణికట్టులోని యిఱుకు దారి

విద్యార్థులారా! ఈ వ్యాసమును చదువుటకు ముందు మీ కుడిచేతిని, అరచేయి పైకి వచ్చునట్లు, బల్లపై నుంచుడు. ఎడమచేతి చూపుడువ్రేలితో మణికట్టు ముడుతను తాకి, అచ్చటనుండి వ్రేళ్లవైపుగా నొక అంగుళము మేర జరుపుడు. ఆ చర్మము క్రింద మీకు కనబడకుండ ఒక చిన్న సొరంగము గలదు. ఇంగ్లీషు వైద్యులు దీనికి కార్పల్ టన్నెల్ అని పేరిడిరి. దానిలో నాడి నలిగి కలుగు రోగమును కార్పల్ టన్నెల్ సిండ్రోమ్ అందురు. ఆ రోగమునకు చేయు చికిత్సలలో నేది నిజముగా పనిచేయునో వైద్యులు ఏ విధముగా పరీక్షించి తెలిసికొనిరో చెప్పుటయే నా యుద్దేశము. ఇది మీ పాఠ్యపుస్తకములో లేదు, పరీక్షలో నడుగరు. అయినను మీ యిండ్లలోనే యీ బాధచేత నడిరేయి లేచి చేయి విదిలించుకొనువారు ఉండవచ్చును గనుక దీనిని ఎన్నుకొంటిని. తలిదండ్రులుగూడ చదువుదురని నా కోరిక.

మొదట నొక మాట చిక్కు విప్పవలెను. మన వాడుకలో నరము అను మాట మూడు వస్తువులకు చెల్లుచున్నది. రక్తము ప్రవహించు సిరను నరమందుము. కండను ఎముకకు బంధించు త్రాటిని నరమందుము. మెదడునుండి ఆజ్ఞలను తెచ్చి, స్పర్శజ్ఞానమును మెదడునకు మోసికొనిపోవు తీగనుగూడ నరమే యందుము. నరము పొంగినది, నరము పట్టినది, నరముల బలహీనత అను మూడు మాటలలో మూడు వేర్వేఱు వస్తువులు గలవు. ఈ పాఠమున మొదటిదానితో మనకు పనిలేదు. రెండవదానిని స్నాయుబంధన మనియు, మూడవదానిని నాడి యనియు పిలిచెదను. నాడి యనగా వైద్యుడు చేయిపట్టి చూచు నాడి కాదని వేఱుగ చెప్పనక్కఱలేదు గదా!

మణికట్టులో ఎనిమిది చిన్న యెముకలు రెండు వరుసలుగా నమరి, అరచేతివైపు దోనెవలె గుంటగా నున్నవి. ఆ దోనె నోటికి అడ్డముగా నొక గట్టి పట్టీ బిగింపబడియున్నది. క్రింద నెముక, మీద పట్టీ. నడుమనున్న సందే మన సొరంగము. దానిగుండా తొమ్మిది స్నాయుబంధనములు పోవుచున్నవి: నాలుగు వ్రేళ్లకు రెండేసి చొప్పున ఎనిమిది, బొటనవ్రేలి కొకటి. పదియవ బాటసారి నాడి. దీనిని మీడియన్ నర్వు అందురు. మనము మధ్యనాడి యందము. పండుగనాడు రైలుపెట్టెలో నిలుచున్న వారిని తలచుకొనుడు. అందఱును సన్నగానున్నంతవఱకు ప్రయాణము సాగును. తొమ్మండుగురు బలిష్ఠులు మూటలు చంకనబెట్టుకొని నిలిచినచో నలుగువాడు మెత్తనివాడే. అట్లే స్నాయుబంధనముల చుట్టునుండు పొర యుబ్బినప్పుడు ఎముకలు జరుగవు, పట్టీ సాగదు. ఒత్తిడి యంతయు మధ్యనాడిపై బడును.

బొటనవ్రేలు, చూపుడువ్రేలు, నడిమివ్రేలు, ఉంగరపువ్రేలిలో బొటనవ్రేలి వైపునున్న సగము: వీనికి స్పర్శజ్ఞానము నిచ్చునది మధ్యనాడి. చిటికెనవ్రేలు వేఱొక నాడి యేలుబడిలోనిది; ఆ నాడి యీ సొరంగముగుండా పోదు. కాబట్టి చేయి తిమ్మిరెక్కినదని యెవరైన చెప్పినప్పుడు తెలివిగల వైద్యుడు మొట్టమొదట, చిటికెనవ్రేలి సంగతి యేమని యడుగును. బొటనవ్రేలి మొదట నుబ్బెత్తుగా నుండు కండకు ఆజ్ఞ నిచ్చునదియు మధ్యనాడియే. ఈ సంగతిని గుఱుతుంచుకొనుడు; తుదిని దీనితో పని గలదు.

రోగలక్షణములు చాలవఱకు రాత్రివేళ బయలుపడును. నిద్రలో మణికట్టు వంగియుండుటచేత సొరంగము మఱింత యిఱుకగును. రోగి తిమ్మిరితోను మంటతోను లేచి, చేతిని క్రిందికి వ్రేలాడదీసి విదిలించును, కొంతసేపటికి తగ్గును. మొదట పగలు బాధ యుండదు. తరువాత గుండీ పెట్టుకొనుటయు, సూదిలో దారమెక్కించుటయు, చిల్లర లెక్కపెట్టుటయు కష్టమగును; చేతిలోని లోటా జాఱిపోవును. పురుషులకంటె స్త్రీలకు, నడివయస్సువారికి, గర్భవతులకు, మధుమేహము, థైరాయిడ్ లోపము, కీళ్లవాపు గలవారికి, స్థూలకాయులకు, అదరు యంత్రములను పట్టుకొని పనిచేయువారికి ఇది యెక్కువగా వచ్చును. అయితే చేతి తిమ్మిరి యెల్ల నీ రోగము కాదు. స్వీడను దేశమున జరిపిన యొక పరిశోధన 1999లో ప్రకటింపబడెను. సమాధానమిచ్చిన 2,466 మందిలో నూటికి 14 మందికి పైగా మధ్యనాడి వ్రేళ్లలో నొప్పియో తిమ్మిరియో కలదనిరి. వైద్యుడు పరీక్షించి, నాడిలో విద్యుత్తు నడకనుగూడ కొలిచి నిశ్చయించిన పిమ్మట ఈ రోగము గలవారు నూటికి ముగ్గురికంటె కొంచెము తక్కువగా తేలిరి.

ఇక చరిత్ర. 19వ శతాబ్దపు నడుమ లండనులోని సర్ జేమ్స్ పేజెట్ అను శస్త్రవైద్యుడు తన యుపన్యాసములలో నొక రోగిని వర్ణించెను. అతని మణికట్టుకడ నెముక విఱిగి అతుకుకొన్నప్పుడు అధికముగా పెరిగిన యెముక మధ్యనాడిని నొక్కుచుండెను. బొటనవ్రేలు, చూపుడువ్రేలు, నడిమివ్రేళ్లపై పుండ్లు పడి మానకుండెను. నాడిపై ఒత్తిడి లేకుండునట్లు మణికట్టును వంచి కట్టు కట్టగా పుండ్లు మానెను. చేతిని వాడనిచ్చిన వెంటనే మరల వచ్చెను. ఒక్క రోగియే యైనను దీని విలువ తక్కువ కాదు: కారణమును తొలగించిరి, మరల రానిచ్చిరి, రెండుమారులును ఫలితమును చూచిరి.

1880లో అమెరికాలోని బాస్టను నగరమున జేమ్స్ జాక్సన్ పట్నం అను వైద్యుడు 37 మంది రోగులను గూర్చి వ్రాసెను. రాత్రి తిమ్మిరియు, లేచి చేయి విదిలించుటయు ఆయన చక్కగా వర్ణించెను. కాని కారణము రక్తనాళములలో నున్నదని యూహించెను. 1913లో పారిసునందు పియర్ మారీ, షార్ల్ ఫోయి అను నిద్దఱు, బొటనవ్రేలి కండ క్షీణించిన యొక 80 ఏండ్ల వృద్ధురాలు మరణించిన పిమ్మట ఆమె మణికట్టును పరిశీలించిరి. అడ్డపట్టీకి పైభాగమున నాడి ముడివలె నుబ్బియుండెను. పట్టీ క్రింద సన్నగిలియుండెను. ముందుగా గుర్తించినచో పట్టీని కోసి రోగిని రక్షింపవచ్చునేమో యని వారు వ్రాసిరి. ఆ మాట చాలకాలము చెవిని బెట్టినవారు అరుదు.

ఆ కాలమందు పలువురు వైద్యులు రోగము మెడకడ నున్నదని నమ్మిరి. మెడక్రింద నధికముగా నుండు ప్రక్కటెముక నాడులను నొక్కుచున్నదని తలచి, కొందఱికి దానిని కోసి తీసివేసిరి. మణికట్టులో నొప్పి, మెడపై కత్తి! 1933లో అమెరికాలోని మేయో వైద్యశాలయందలి జేమ్స్ లియర్మంత్ పట్టీని కోసి నాడిని విడిపించిన శస్త్రచికిత్సను ప్రకటించెను. 1947లో లండనున రస్సెల్ బ్రెయిన్ అను వైద్యుడును ఆయన సహచరులును, మఱి యే గాయమును లేకుండ రెండు చేతులలోను మధ్యనాడి నలిగిన ఆఱుగురికి పట్టీ కోయించి, ఫలితములను లాన్సెట్ పత్రికలో వ్రాసిరి. నాడీవైద్యుని పేరే బ్రెయిన్ అగుట మీకు నవ్వు పుట్టింపవచ్చును. అది యాయన యింటిపేరు. పిమ్మట క్లీవ్‌లండులోని జార్జి ఫేలన్ ఈ రోగమును లోకమంతటికి తెలియజేసెను. మణికట్టును ఒక నిమిషము పూర్తిగా వంచియుంచి తిమ్మిరి వచ్చునేమో చూచు పరీక్ష యాయన పేరనే ప్రసిద్ధము. 1966లో ఆయన 17 ఏండ్ల యనుభవమును, 654 చేతుల వృత్తాంతమును ప్రకటించెను.

సొరంగములో ఒత్తిడి యెంత యుండునో కొలుచుట మఱికొంత కాలమునకుగాని జరుగలేదు. 1981లో అమెరికా శాస్త్రజ్ఞులు సన్నని గొట్టము నొకదానిని లోనికి పంపి కొలిచిరి. ఆరోగ్యవంతులలో అది సగటున 2.5 మిల్లీమీటర్ల పాదరసము, రోగులలో 32. రోగి మణికట్టును పూర్తిగా వంచినచో 94, వెనుకకు విఱిచినచో 110. ఈ నాలుగంకెలను నల్లబల్లపై వ్రాసికొని చూచినచో చికిత్సల యర్థము తనంత తానే తెలియును. మణికట్టు వంగకుండ రాత్రివేళ బద్ద కట్టుట యొక యుపాయము. ఉబ్బిన పొరను తగ్గించు స్టిరాయిడ్ మందును సూదితో నెక్కించుట రెండవది. పట్టీనే కోసి సొరంగమును విశాలము చేయుట మూడవది.

అర్థము తెలిసినంతమాత్రమున పనిచేయునని తేలదు. ఇచ్చటనే అసలు పాఠము మొదలగుచున్నది. ఒకామె నూనె మర్దన చేయించుకొనెను, నెలరోజులకు బాధ తగ్గెను, నూనె మంచిదనెను. ఆమె యబద్ధమాడుటలేదు. కాని యీ రోగము సముద్రపు అలవలె హెచ్చుచు తగ్గుచు నుండును; కొందఱికి చికిత్స లేకయే నెమ్మదించును. మనుజులు చికిత్సకై పోవుట బాధ మిక్కుటమైనప్పుడే కనుక, ఆ తరువాత నేమి చేసినను తగ్గుటకే యవకాశ మెక్కువ. దీనికి తోడు వైద్యునిపై నమ్మకముగూడ బాధను కొంత తగ్గించును. కావున చికిత్స పొందినవారిని మాత్రమే చూచినచో నూనె గెలుచును, సూది గెలుచును, తాయెత్తుగూడ గెలుచును.

మఱి యేమి చేయవలెను? ఉపాధ్యాయులమైన మాకు శిక్షణ కళాశాలలో నేర్పిన సంగతియే యిది. రెండు బోధనపద్ధతులను పోల్చదలచినవాడు చుఱుకైన బాలురను తనకు నచ్చిన పద్ధతికి, తక్కినవారిని రెండవదానికి ఇచ్చినచో ఆ పోలిక వ్యర్థము. రోగులను పంచుటయు నంతే. కావున చీటి తీయుదురు. ఎవరికే చికిత్స యని రోగి యెన్నుకొనడు, వైద్యు డెన్నుకొనడు, చీటియే నిర్ణయించును. అప్పుడు ముసలివారు, పడుచువారు, బాధ యెక్కువవారు, తక్కువవారు రెండు పక్షములలోను ఇంచుమించు సమముగా పడుదురు. వీలైనచోట రోగికిని, ఫలితము కొలుచువానికిని ఏ మందు ఎవరికిచ్చిరో తెలియనీయరు. బాధను కొలుచుట కొక ప్రశ్నపత్రము గలదు. 1993లో బాస్టనులో తయారైనది; లక్షణములపై 11 ప్రశ్నలు, పనులు చేయగలుగుటపై 8. ఒక్కొక్కదానికి 1 మొదలు 5 వఱకు అంకె వేయుదురు. మార్కులు తక్కువ వచ్చినవాడు ధన్యుడగు పరీక్ష ఇదియొకటి!

ఇట్టి పరీక్షలలో నాకు మిక్కిలి స్పష్టముగా తోచినది నెదర్లండు దేశమున జరిగి 1999లో ప్రకటింపబడినది. 60 మందిని చీటిచేత రెండుగా పంచిరి. 30 మందికి మణికట్టుకు పైభాగమున స్టిరాయిడ్ మందును, మొద్దుబార్చు మందును కలిపి సూది వేసిరి. తక్కిన 30 మందికి మొద్దుబార్చు మందు మాత్రమే. ఒక నెలకు మొదటి పక్షమున 23 మంది, రెండవ పక్షమున 6 గురు బాగుపడిరి. రెండవ పక్షములోని 6 గురిని తక్కువగా చూడకుడు. వారికి స్టిరాయిడ్ లేకయే మేలు కలిగినది. ఆ 6 గురే లేనిచో 23 అను సంఖ్యకు అర్థము తెలియదు. అయితే సంవత్సరము గడచునప్పటికి కథ కొంత మాఱినది: బాగుపడిన ఆ 23 మందిలో మఱి యే చికిత్సయు నక్కఱలేకుండినవారు 15 మంది మాత్రమే.

స్వీడనులో 111 మందిపై జరిపి 2013లో ప్రకటించిన పరీక్ష ఈ సంగతిని ఇంకను కఠినముగా చూపినది. వారికి బద్ద కట్టి చూచినను గుణము కనబడలేదు. ఒక పక్షమునకు 80 మిల్లీగ్రాముల స్టిరాయిడ్, ఒక పక్షమునకు 40, మఱియొక పక్షమునకు మందు లేని ఉత్త సూది. 10 వారములకు మందు పొందినవారికి స్పష్టమైన మేలు. ఏడాది ముగియునప్పటికి శస్త్రచికిత్స చేయించుకొన్నవారు వరుసగా నూటికి 73, 81, 92. మందు పనిచేసినది నిజము. పలువురకు ఆ మేలు నిలువకపోవుటయు నిజము. ఎప్పుడు అడిగితిరి అనుదానినిబట్టి జవాబు మాఱుచున్నది. ఈ రోగపు చికిత్సలను గూర్చి చదువునప్పుడు నేను మొదట వెదకు అంకె యిదియే: ఎన్ని వారములకు, ఎన్ని నెలలకు?

బద్దను గూర్చి చూతము. బద్దయనిన కొయ్యబద్దయే కానక్కఱలేదు. గుడ్డలో నొక గట్టి పలకను కుట్టి, మణికట్టు తిన్నగా నుండునట్లు రాత్రి తొడుగుకొనునది. వెల తక్కువ, అపాయము లేదు. బ్రిటనులో 234 మందిని చీటిచేత పంచి, సగముమందికి 20 మిల్లీగ్రాముల స్టిరాయిడ్ సూదియు, సగముమందికి ఆఱు వారములు రాత్రి బద్దయు ఇచ్చి, 2018లో ఫలితములను ప్రకటించిరి. ఆఱు వారములకు సూది మేలనిపించెను. ఆఱు నెలలకు రెండింటికిని భేదము లేకపోయెను. తొందరగా నిద్ర కావలసినవానికి సూది; ఓపిక గలవానికి, సూదికి వెఱచువానికి బద్ద. ఈ ఫలితమును చూచి వైద్యులు కొందఱు నిరాశపడియుందురు. నాకు మాత్రము సంతోషమైనది. ఏలయన బద్ద బీదవారికిని అందును.

బద్దను కోతతో పోల్చిన పరీక్ష నెదర్లండులో 176 మందిపై జరిగి 2002లో ప్రకటింపబడెను. పెద్ద తరగతుల విద్యార్థులు దీనిని లెక్కవలె సాధింపవలెను. మూడు నెలలకు బాగుపడినవారు కోత పక్షమున నూటికి 80, బద్ద పక్షమున 54. పదునెనిమిది నెలలకు 90, 75. పైచూపునకు బద్ద వెనుకబడినను దాదాపు సమీపించినట్లు తోచును. కాని ఆ పదునెనిమిది నెలలలో బద్ద పక్షములోని నూటికి 41 మంది ఓపిక పట్టలేకయో, బాధ తీరకయో కోత చేయించుకొనిరి! వారిని బద్ద పక్షముననే లెక్కింతురు. చీటి తీసిన నాటి పక్షమును మాఱ్చుట ధర్మము కాదు. కావున 75 అను సంఖ్య బద్దయొక్క ఫలితము కాదు. బద్దతో మొదలుపెట్టి అవసరమైనచో కోతకు పోవుట యను మార్గముయొక్క ఫలితము. ఈ భేదమును తెలియక పత్రికలు వ్రాయు శీర్షికలు ఎన్నో!

మన దేశపు యోగాసనములుగూడ ఈ పరీక్షకు నిలిచినవి. 1998లో ఫిలడెల్ఫియా నగరపు పరిశోధకులు 42 మందితో, పూనాలోని బి. కె. ఎస్. అయ్యంగారు పద్ధతి ననుసరించి 11 ఆసనములను వారమునకు రెండుమారులు ఎనిమిది వారములు చేయించిరి. రెండవ పక్షమునకు బద్ద ఇవ్వజూపిరి. ఆసనములు చేసినవారికి పిడికిలి బలము పెరిగెను, నొప్పి తగ్గెను. నాడి విద్యుత్తు పరీక్షలో మాత్రము చెప్పదగిన భేదము కనబడలేదు. మనదను నభిమానముచేత దీనిని గొప్ప చేయరాదు. 42 మంది చాల తక్కువ, ఆసనములు వేయువానికి తాను ఆసనములు వేయుచున్నట్లు తెలియకుండ చేయుటయు నసాధ్యము. విదేశీయులు చేసిరను గౌరవముచేతను గొప్ప చేయరాదు.

తెలియకుండ చేయుటలో వియన్నా వైద్యుల నేర్పు నా కచ్చెరువు గొలిపెను. అదే 1998లో వారు రెండు చేతులకును రోగమున్న 45 మందిని తీసికొని, ఒక చేతికి అల్ట్రాసౌండ్ యంత్రముతో నిజమైన చికిత్సయు, రెండవ చేతికి పనిచేయని యంత్రముతో ఉత్త చికిత్సయు చేసిరి. మనిషి యొక్కడే, వయస్సొక్కటే, నిద్రయు తిండియు నొక్కటే. భేదము చేతులలో మాత్రమే. నిజమైన చికిత్స పొందిన చేయి మెఱుగయ్యెను. కాని తరువాతి పరిశోధనలన్నియు దీనిని బలపఱుపలేదు. ఎంత చక్కని పరీక్షయైనను ఒంటరిగా సాక్ష్యమిచ్చినప్పుడు న్యాయాధిపతి వేచియుండును.

మందుబిళ్లలు కొనువారికొక మాట. తైవాను వైద్యులు 1998లోనే నొప్పి బిళ్లలను, నీరుతీయు బిళ్లలను, స్టిరాయిడ్ బిళ్లలను, ఉత్త బిళ్లలను నాలుగు పక్షములుగా పోల్చిరి. ఉత్త బిళ్లకంటె మేలైనది స్టిరాయిడ్ మాత్రమే. అంగడిలో నడిగినంతనే యిచ్చు నొప్పి బిళ్ల ఉత్త బిళ్లతో సమానముగా నిలిచెను. స్టిరాయిడ్ బిళ్లలను వైద్యుని యాజ్ఞ లేక మ్రింగుట ప్రమాదము. విటమిన్ బి6 కొంతకాలము ప్రసిద్ధి గాంచెను. చీటిపరీక్షలలో దాని గొప్ప నిలువలేదు. అధికముగా మ్రింగినచో నది నాడులనే పాడుచేయును.

సూదితో మొదలుపెట్టవలెనా, కోతతోనా? ఈ ప్రశ్నకు పెద్ద పరీక్ష నెదర్లండులోనే జరిగి 2025లో లాన్సెట్ పత్రికలో వచ్చినది. 934 మంది పాల్గొనిరి. రెండు పక్షముల వారును అవసరమైనచో పిమ్మట వేఱు చికిత్స పొందవచ్చును. పదునెనిమిది నెలలకు కోతతో మొదలుపెట్టినవారిలో నూటికి 61 మంది, సూదితో మొదలుపెట్టినవారిలో 45 మంది కోలుకొనిరి. చుఱుకైన విద్యార్థి యిచ్చట నన్ను నిలువరించి, 2002లో కోతవలన 90 మంది బాగుపడగా 2025లో 61కి దిగుట యెట్లు, కోత పాడైనదా యని యడుగవలెను. కాదు, కొలబద్ద మాఱినది. మొదటి పరీక్షలో పూర్తిగా నయమైనదనిగాని, చాల మేలైనదనిగాని రోగి చెప్పినచో గెలుపు. రెండవదానిలో లక్షణముల మార్కు నిర్ణీతమైన యంకెకు లోబడినచోనే కోలుకొన్నట్లు లెక్క. మూరతో కొలిచిన గుడ్డను గజముతో కొలిచినదానితో పోల్చరాదు గదా! ఒక్క పరీక్షలోని రెండు పక్షములనే పోల్చవలెను. అట్లు పోల్చినప్పుడు నిలుకడగల మేలు విషయమున కోతయే ముందున్నది.

కోత యనగానే భయపడువారు పలువురు. చేతిని మాత్రము మొద్దుబార్చి, కొలది నిమిషములలో పట్టీని కోసివేయుదురు; రోగి ఆనాడే యింటికి పోవచ్చును. చిన్న రంధ్రముగుండా గొట్టము పంపి చేయు పద్ధతిచేత కొందఱు త్వరగా పనిలో చేరగలుగుదురు. కొన్ని నెలల తరువాత రెండు పద్ధతుల ఫలితములును ఇంచుమించు సమానమే. అరచేతి మొదట కొన్ని వారములనుండి కొన్ని నెలలవఱకు నొప్పి యుండవచ్చును. నాడికి దెబ్బ తగులుట అరుదు, కాని లేకపోలేదు. సూదికిని అట్లే నేర్పరి చేయి యుండవలెను. మధుమేహము గలవారికి సూది వేసిన కొలది దినములు రక్తములో చక్కెర పెరుగవచ్చునని ముందుగా చెప్పవలెను.

ఈ పరీక్షలన్నిటిలోను చేరినవారు చాలవఱకు స్వల్పముగనో, మధ్యరకముగనో బాధపడువారు. బొటనవ్రేలి కండ క్షీణించినవారిని పెక్కు పరీక్షలలో చేర్చుకొననేలేదు. అట్టివారికి చీటి తీసి, బద్ద పక్షమున వేసి వేచియుండుమనుట న్యాయము కాదని వైద్యుల తలంపు. కావున బద్దయు సూదియు సరిపోవునని పైని చెప్పిన మాటలు వారికి వర్తింపవు.

నే నెఱిగిన యొక యుపాధ్యాయురాలు నల్లబల్లపై వ్రాయుచు సుద్దముక్కను తఱచు జాఱవిడుచుచుండెడిది. పిల్లలు నవ్వుచుండెడివారు, ఆమెయు నవ్వి యూరకుండెడిది. రాత్రులు లేచి చేయి విదిలించుకొనుట యింటివారికి తెలిసినను, వాతమని లేపనములు పూసిరి. రెండేండ్లు గడచెను. వైద్యుడు రెండు చేతులను ప్రక్కప్రక్కన పెట్టించి చూచినప్పుడు కుడి బొటనవ్రేలి మొదటి కండ గుంటపడియుండెను. కోత చేసిన కొలది రాత్రులకే నిద్ర వచ్చెను, మంట పోయెను. గుండీ పెట్టుకొనుట మాత్రము నేటికిని ఎడమచేతి పనియే. చాలకాలము నలిగిన నాడి నొప్పిని విడుచును గాని, పోయిన కండను అన్నిసారులు తిరిగి యీయదు.

గర్భవతుల సంగతి దీనికి వేఱు. వారిలో బహుమందికి ప్రసవానంతరము కొన్ని వారములలోనో నెలలలోనో బాధ తగ్గును గనుక రాత్రి బద్ద కట్టుకొని వేచియుండుట వాడుక. థైరాయిడ్ లోపమున్నవారికి దాని చికిత్సయు జరుగవలెను. తక్కినవారు తమ చేతులను రెండింటిని వెలుతురులో ప్రక్కప్రక్కన పెట్టుకొని, బొటనవ్రేళ్ల మొదటి కండలు సమానముగా నున్నవా యని చూచుకొనవచ్చును. రెండు చేతులకును రోగమున్నచో రెండును సమానముగా తగ్గియుండవచ్చును గనుక, బొటనవ్రేలిని అరచేతినుండి పైకెత్తి, మఱొకరు వ్రేలితో క్రిందికి నొక్కగా నిలుపగలుగుదురా యనియు చూడవలెను. ఈ పరీక్షకు పదియేండ్ల పిల్లవాడైనను చాలును.